ఇది ఏ కౌంటు కాఫీ అబ్బయా?

నెల్లూరు సీమలో ఇంటికొచ్చిన చుట్టం చేతిలో 36 గ్రాముల కాఫీ పెట్టడమంటే, చేపల పులుసు వండి ముల్లు వడ్డించడమే. రాత్రే ఫిల్టరులో డికాషన్ దించి, పొద్దున్నే చిక్కటి పాలు పొంగించి, మూరెడెత్తు నుంచి తిరగబోసి గ్లాసు నిండా నురగతో ఇచ్చే ఊళ్ళు మావి. మద్రాసు దగ్గరన్న పొగరు కూడా కాస్త ఉంది. అట్లాంటి చోట కరెంటు అక్కర్లేని, లీవరు నొక్కే ఎస్ప్రెస్సో ప్రెస్సునూ, దానికి జతగా చేత్తో తిప్పే కాఫీ మరనూ వంటింటి గట్టు మీద పెట్టుకున్నాను. నేను కాఫీ పెట్టుకుంటుంటే మా ఇంట్లో "ఆయన కసరత్తు చేస్తున్నారు" అని ఫోన్లో చెబుతారు.

అందులో అబద్ధమేమీ లేదు. ఎస్ప్రెస్సోకు 9 బార్ల ఒత్తిడి కావాలి. కాఫీపొడి వేసే 58 మిల్లీమీటర్ల గిన్నె మీద అది సుమారు 240 కిలోల బరువు. మా జిల్లాలో వడ్లు పుట్లలో కొలుస్తారు, పుట్టికి 850 కిలోలు. అంటే పొద్దున్నే పళ్ళు తోముకోగానే పావు పుట్టికి పైగా వడ్లు కాఫీపొడి నెత్తిన పెట్టాలన్నమాట. మానవమాత్రుడి వల్ల కాదు కాబట్టే లీవరు ఉంది. మిలాన్ ఆసామి అకిల్లె గాజియా ఈ లీవరు యంత్రాలతో 1948లో కంపెనీ పెట్టాడు. మోటారు పంపుతో పనిచేసే ఫయేమా ఈ61 వచ్చింది 1961లో. ఆ మధ్యకాలంలో ఇటలీ కాఫీ కొట్లలో జబ్బలే మోటార్లు.

అయితే ఒత్తిడి పుట్టేది జబ్బలో కాదు, పొడిలో. ఈ సంగతి తెలియని వాళ్ళు డబ్బంతా తళతళలాడే ప్రెస్సు మీద పోసి, మర దగ్గర పిసినారితనం చూపిస్తారు. పొడి బరకగా ఉంటే నీళ్ళకు అడ్డమే ఉండదు. లీవరు జర్రున దిగిపోతుంది, కప్పులో గోధుమరంగు నీళ్ళు మిగులుతాయి. మరీ మెత్తనైతే లీవరు మీద వేలాడినా చుక్క రాలదు. 18 గ్రాముల పొడిలోంచి 36 గ్రాముల కాఫీ పాతిక ముప్పై సెకన్లలో దిగాలని లెక్క. ఆ తూకం కుదిర్చేది మర లోపల ఒకదాన్నొకటి దాదాపు రాసుకుంటూ తిరిగే రెండు ఉక్కు పళ్ళచక్రాలు. వాటి మధ్య సందును ఒక్కో క్లిక్కుతో సవరిస్తాం. కొన్ని మరల్లో క్లిక్కుకు 30 మైక్రాన్లు, ఎస్ప్రెస్సో కోసమే చేసిన వాటిలో 10 లోపు. ఒక్క క్లిక్కు అటూ ఇటూ అయితే అమృతం కాస్తా కషాయం.

మా అమ్మకు ఇదంతా దండగ. "అటక మీద మీ నాయనమ్మ కాఫీ మర ఉండగా ఇంకోటి ఎందుకురా?" అంటుంది. ఆ ఇనప మరను బల్లకు బిగించి, గింజలు వేయించుకుని పట్టేవాళ్ళు. ఫిల్టరుకు అది రాజా. ఎస్ప్రెస్సోకు మాత్రం పనికిరాదు, దాని మరసీల ఒక చుట్టు తిప్పితే ఎంత మారుతుందో దానికే తెలియదు. పోనీ కొట్లో పొడి తెద్దామా అంటే అందులో చికోరీ. కాఫీ 51 శాతానికి తగ్గకుండా, చికోరీ 49 దాకా కలుపుకోవచ్చని చట్టమే చెబుతుంది. ఆ చికోరీ డికాషన్‌కు చిక్కదనం ఇస్తుంది, ప్రెస్సుకు ఊపిరాడనివ్వదు.

అందుకని అరకు గింజలు తెప్పిస్తాను. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరబికా, మన్యం గిరిజనులు పండించింది. లేత వేపుడు గింజ రాయిలా ఉంటుంది. మర తిప్పుతుంటే భుజం దాకా కటకటమంటుంది. అదే నల్లగా మాడ్చిన గింజయితే బొరుగుల్లా నలుగుతుంది, కానీ అరకు దాకా పోయి బొగ్గు తెచ్చుకోవడం నాకిష్టం లేదు.

సముద్రం ఒక విషయంలో నాతో మంచిగా ఉంటుంది. పొడిగాలి ఊళ్ళలో మర తిప్పితే రాపిడికి పొడిలో స్థిర విద్యుత్తు పుట్టి మర గోడలకు అంటుకుంటుందట. గింజల మీద రెండు చుక్కల నీళ్ళు చల్లితే అది తగ్గుతుందని అమెరికాలో ఆరెగాన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2023లో పరిశోధనా పత్రమే వేశారు. మా మైపాడు సముద్రపు తేమ గాలికి ఆ చల్లే పని కూడా మిగల్లేదు. దానికి బదులు డబ్బా మూత సరిగా పెట్టకపోతే గింజ చెమ్మ లాగేసుకుని, నిన్నటి క్లిక్కు ఇవాళ పనిచేయదు.

ఈ సోదంతా విని నవ్వకుండా ఉన్న మనిషి ఒక్కడే, రొయ్యల గుంటలున్న మా మామ. ఆయన మర మూత తీసి, పొడిని వేళ్ళ మధ్య నలిపి, "ఇది ఏ కౌంటు అబ్బయా?" అనడిగాడు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి ధర పలికే లోకం ఆయనది. క్లిక్కుల లెక్క చెబితే తలాడించాడు. నీళ్ళేవన్నాడు. ఇక్కడి బోరు నీళ్ళు ఉప్పన, క్యాను నీళ్ళే వాడుతున్నానంటే మెచ్చుకున్నాడు. వేడి ఎంతన్నాడు. అర్ధరాత్రి ఏరేటరు ఆగితే దుప్పటి విసిరేసి పరుగెత్తే వాళ్ళకు, మేత గ్రాముల్లో తూచి చెక్‌ట్రేలో మిగిలింది చూసుకునే వాళ్ళకు, నా పిచ్చి పిచ్చిగా కనబడలేదు. 2009లో వన్నామీ రొయ్యకు అనుమతి వచ్చాక మా తీరంలో కొలవనిదంటూ ఏముంది గనక!

ఆయన జేబులోంచి రిఫ్రాక్టోమీటరు తీశాడు. గుంట నీళ్ళలో ఉప్పు చూసే గొట్టం. కాఫీ పిచ్చోళ్ళూ కప్పులో సారం ఎంత దిగిందో కొలవడానికి దాని తమ్ముణ్ణే వాడతారు. రెండూ వెలుగు ఎంత వంగిందో చూసి చెప్పేవే. ఒక చుక్క కాఫీ అద్దం మీద వేసి, మూత వాల్చి, కిటికీ వైపు ఎత్తి ఒంటికన్నుతో చూశాడు. గీత మసకగానే ఉన్నా 100 దగ్గరికి ఎగబాకింది. సముద్రం నీళ్ళే 35.

"దీంట్లో వన్నామీ బతకదబ్బయా," అని తేల్చి, కప్పు ఎత్తి ఒక్క గుక్కలో పోసుకున్నాడు. మొహం చింతకాయ కొరికినట్టయింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఒక క్లిక్కు బిగించు. మళ్ళీ పట్టు," అన్నాడు.

ఇప్పుడు ఆయన గుంటల షెడ్డులోనూ ఒక మర, ఒక ప్రెస్సు ఉన్నాయి. పాలూ చక్కెరా పోసుకునే తాగుతాడనుకోండి, అది వేరే విషయం. మేత, మందులు, పీహెచ్ రాసే రిజిస్టరులోనే కాఫీ లెక్కా రాస్తున్నాడు. మొన్న గుంటలు చూడ్డానికొచ్చిన టెక్నీషియను కుర్రాడు ఆ పేజీ మీద వేలు పెట్టి, "18 గ్రాములు, 27 సెకన్లు, పులుపు తగ్గింది... ఇది ఏ గుంటకు వేసిందన్నా? ఆ మందు పేరేంది?" అనడిగి బుద్ధిగా తన పుస్తకంలో రాసుకున్నాడు.