గాజీకి దొరకని రేకు

నన్ను చూసి బండి పెట్రోలు ట్యాంకే కదా అనుకుంటారు. నిజమే. కానీ నా పుట్టిల్లు 1961లో మన నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్. 1997లో ఆ ఓడకు విశ్రాంతినిచ్చారు. కొన్నాళ్లు ముంబైలో మ్యూజియంగా ఉంచి, 2014లో తుక్కు కింద అమ్మేశారు. అందులో కొంత ఇనుము కరిగి బజాజ్ వి15 బండ్ల ట్యాంకుల్లో చేరింది. కరిగాక ఏ ముక్క ఎక్కడిదో ఎవరు చెప్పగలరు? నేను మాత్రం విమానాలు దిగే డెక్కు రేకునేనని చెప్పుకుంటాను. కాదనడానికి సాక్షుల్లేరు.

సముద్రంలో శత్రువు ఎప్పుడో గాని రాడు. రోజూ ప్రాణం తీసేది ఇంట్లో సామానే. విమానాలు లేచే ముందు కుర్రాళ్లు భుజాలు రాసుకుంటూ వరస కట్టి, తలలు వంచి, ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవారు, పెళ్లింట్లో ఉంగరం పోయినట్టు. వాళ్లు వెతికేది ఒక నట్టు కోసం, ఒక తీగముక్క కోసం. సీహాక్ జెట్ దాన్ని పీల్చుకుందా, ఇంజిను పోయినట్టే.

దిగే విమానం తోక కింది కొక్కెం నా మీద అడ్డంగా పరిచిన ఉక్కుతాడును అందుకోవాలి. చక్రాలు తగలగానే పైలట్ ఇంజిను జోరు తగ్గించడు, పెంచుతాడు. తాడు దొరక్కపోతే మళ్లీ లేవాలి కదా! ఆ తాడే తెగిందంటే కొరడాలా విసురుకొస్తుంది, అడ్డొచ్చినవాడి కాళ్లు దక్కవు. రాత్రిపూట అలీజె విమానం ముక్కు దగ్గర తిరిగే పంకా కంటికి ఆనదు. ఆ మోతలో కేక వేసినా వినపడదు, అన్నీ చేతి సైగలే. ఎక్కడ నిలబడకూడదన్నదే కొత్తవాడికి మొదటి పాఠం.

1971 నాటికే నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్లిచ్చి ఉంది. ఓడ గాలికెదురుగా పరిగెడితేనే విమానం లేస్తుంది, దాన్ని ముందుకు విసిరే కాటాపుల్ట్‌కూ ఆ ఆవిరే కావాలి. ఈ కుంటిదాన్ని పాకిస్తాన్‌తో యుద్ధానికి పంపడమా అని పెద్దలు తర్జనభర్జన పడ్డారు. చివరికి పంపారు. డిసెంబరు 4న మా సీహాక్‌లు తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్‌బజార్, చిట్టగాంగ్‌ల మీద పడ్డాయి.

అంతకుముందే నన్ను వెతుక్కుంటూ పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ విశాఖ దాకా వచ్చింది. అప్పటికే నేను అండమాన్ దీవుల్లో నక్కి ఉన్నాను. 3వ తేదీ అర్ధరాత్రి గాజీయే విశాఖ ముంగిట మునిగిపోయింది, లోపలి మనుషులందరితోనూ. శత్రువులే, కాదనను. అయినా వాళ్లు ఇనుపగోడల మధ్య బతికినవాళ్లు. నా మీద నడిచిన కుర్రాళ్లూ అంతే.

ఇప్పుడు నా యజమాని ఆదివారం సాయంత్రాలు విశాఖ బీచ్‌రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం దగ్గర స్టాండు వేసి, మొక్కజొన్న పొత్తు కొనుక్కుంటాడు. నా ఎదుట సముద్రం, ఆ నీళ్ల కిందే ఎక్కడో గాజీ. పొత్తు తినడం అయ్యాక ఆయన నా మూత తీసి లోపలికి తొంగిచూస్తాడు. చీకట్లో ఏమీ కనపడక బండిని అటూ ఇటూ ఊపి, చెవి ఒగ్గి వింటాడు, పెట్రోలు ఎంతుందోనని.