సప్లై లేదప్పా!

కరోనా మనకు అంటగట్టిపోయిన వాటిల్లో మాస్కులు చెత్తలోకి పోయాయి, శానిటైజర్లు ఎండిపోయాయి. ఒక్క మాట మాత్రం సర్వీస్ సెంటర్ కౌంటరు మీద తిష్ఠ వేసుకుని కూర్చుంది: "సప్లై లేదు సార్!"

అప్పట్లో అందులో నిజం ఉండింది. చిప్పులు దొరక్క కార్ల ఫ్యాక్టరీలు ఆగాయి. అమెరికాలో చక్రాల మీది ఇళ్ళకు ఎక్కడలేని గిరాకీ వస్తే, వాటిలో పెట్టే ఫ్రిజ్‌లు రాక బండ్లు ఫ్యాక్టరీల దగ్గరే నిలిచిపోయాయి. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ ఓడ అడ్డం తిరిగింది. ఆరు రోజుల్లో దాన్ని లాగేశారు. మా అనంతపురం జిల్లా శింగనమల ఫ్రిజ్‌లకు రావాల్సిన సామాను మాత్రం ఇంకా ఆ కాలువలోనే ఉన్నట్టుంది.

మే నెల ఎండలో ఫ్రిజ్ ఆగిందనుకోండి. అనంతపురం నుంచి మెకానిక్ వస్తాడు. వచ్చినందుకు విజిటింగ్ చార్జీ పుచ్చుకుని, వెనక మూత తీసి చూసి, "కార్డు పోయిందన్నా" అంటాడు. కార్డంటే లోపలి సర్క్యూట్ బోర్డు.

"తెప్పించప్పా."

"సప్లై లేదు."

"ఎప్పుడొస్తుంది?"

"చెప్పలేమన్నా. కొత్త ఫ్రిజ్ తీసుకో, రేపే దింపుతాం. ఎక్స్ఛేంజ్ ఆఫర్ ఉంది."

"ఆ కొత్తదాంట్లో కార్డు ఉంటుందా?"

"ఉండదా మరి!"

అంటే కార్డుకు కరువు. దాని చుట్టూ ఫ్రిజ్ కట్టి అమ్మితే మాత్రం కరువు లేదు. కరువు గురించి మాకు తెలియనిది లేదనుకునేవాళ్ళం, ఈ రకం మాత్రం కొత్త.

అదే ఊర్లో బోరు మోటారు సంగతి చూడండి. లో వోల్టేజీకి కాలిపోతుంది. రైతు దాన్ని బోరులోంచి లాగించి వైండింగ్ అంగడిలో పడేస్తాడు. అక్కడ తీగ కొత్తగా చుడతారు, బుష్షులు మారుస్తారు. సరైన బుష్ దొరక్కపోతే లేతు మిషన్ మీద చేయిస్తారు. పైరు ఎండుతుంటే "సప్లై లేదు" అని చెప్పి చూడమనండి ఆ రైతుతో!

ఇంకా పాత ముచ్చట. 1982లో ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్యరథం 1940 నాటి షెవర్లే వ్యాను. ఆయన పడకా ప్రసంగమూ అందులోనే. మనం చూసిన మొదటి మోటారు ఇల్లు అదేననాలి. ఆ బండి తయారీదారు జనరల్ మోటార్స్ 1954లోనే మన దేశంలో కార్ల బిగింపు మానేసింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇక్కడ బిగింపే లేని కంపెనీ బండి వేల మైళ్ళు తిరిగి ఒక ప్రభుత్వాన్ని మార్చేసింది. ఆరేళ్ళ ఫ్రిజ్‌కేమో "మోడల్ ఆగిపోయింది సార్!" పాపం, ఎన్టీఆర్‌కు కస్టమర్ కేర్ లేదు, బతికిపోయాడు.

యూరప్‌లో 2021 నుంచి ఒక రూలుంది. ఫ్రిజ్ మోడల్ అమ్మకం ఆగాక కూడా డోరు రబ్బరు పదేళ్ళు, కార్డూ థర్మోస్టాటూ ఏడేళ్ళు దొరకాలి. మన కేంద్ర ప్రభుత్వమూ ఊరుకోలేదు. 2022 డిసెంబరులో 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచింది. అందులో కంపెనీల కస్టమర్ కేర్ వివరాలు ఉంటాయి. "సప్లై లేదు" అనే మాటను ఏ నంబరుకు ఫోన్ చేసి వినాలో ఇక వెతుక్కునే పని లేదు.

సామాను నిజంగా కదలడం లేదా అంటే, అదీ కాదు. పాత అనంతపురం జిల్లా పెనుకొండలోని కియా ఫ్యాక్టరీకి చెందిన సుమారు 900 ఇంజన్లు ఏళ్ళ తరబడి మాయమవుతూ వచ్చాయని 2025లో పోలీసు కేసయింది. డోరు రబ్బర్లు కాదు, ఇంజన్లు! ఎత్తుకుపోయినవాళ్ళు ఎవరో గానీ, వాళ్ళ నోట "స్టాక్ లేదు" అన్న మాట వచ్చి ఉండదు. మన ఫ్రిజ్ కంపెనీలు స్పేర్ పార్టుల గోడౌన్ తాళాలు కొన్నాళ్ళు వాళ్ళ చేతికిచ్చి చూడొచ్చు.