ఆ మరక తుడిపించాను

మా అమ్మానాన్నల పెళ్ళి గ్రూపు ఫోటోని స్టూడియోలో ఇచ్చి బాగుచేయించాను. కొత్తది చేతికి రాగానే పాతది చెత్తబుట్టలో పడేశాను. ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ సలహా ఇవ్వలేదు. అమ్మ సంతోషిస్తుందనుకున్నాను, అంతే. నా తెలివితక్కువ పనుల్లో చాలావాటిని తర్వాత ఏదో ఒక రకంగా సరిదిద్దుకోగలిగాను. దీన్ని దిద్దుకునే దారి లేదు. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పెళ్ళి 1971 వేసవిలో, కృష్ణా జిల్లా కోడూరు దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో జరిగింది. మర్నాడు పొద్దున్నే ఫోటోగ్రాఫర్ వచ్చి, పందిట్లో కుర్చీలు వేయించి పెద్దవాళ్ళని కూర్చోబెట్టాడు. మధ్యలో పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు. వెనకాల బెంచీ ఎక్కి నిలబడ్డ మగవాళ్ళు, ఆ పక్కన ఆడవాళ్ళు. ముందు జంపఖానా మీద బాసింపట్టు వేసుకుని పిల్లలు. ఆ వరసలో ఎడమ చివర చారల చొక్కాతో కూర్చున్నవాడు మా చిన్నమావయ్య. అప్పటికి వాడికి ఐదేళ్ళు. అమ్మ చంకన ఎత్తుకుని పెంచిన తమ్ముడు. వాడు అని రాస్తున్నందుకు ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఆయన నాకు ఎప్పటికీ నాకన్నా చిన్నపిల్లవాడే.

తాతయ్య ఆ ఫోటోకి అద్దం కట్టించి వసారాలో తగిలించాడు. ఆ రోజుల్లో ఫోటోలు మనిషి ఎత్తుకి పైన, కాస్త ముందుకి వంచి తగిలించేవాళ్ళు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమ వాళ్ళకి సంవత్సరం చెప్పక్కర్లేదు, ఉప్పెన అంటే అదే. తుఫాను గాలి సముద్రాన్ని తోసుకొచ్చి ఊళ్ళ మీద పోసింది. పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు పల్లెల్లో కుటుంబాలకి కుటుంబాలే మిగల్లేదు. అప్పుడు అమ్మా నేనూ బెజవాడలో ఉన్నాం. తాతయ్య, అమ్మమ్మ డాబా ఎక్కి బతికారు. చిన్నమావయ్య గొడ్ల చావిట్లో పలుపులు విప్పొస్తానని పరిగెత్తాడట. పదకొండేళ్ళవాడు. మళ్ళీ కనిపించలేదు.

నీళ్ళు లాగేశాక చూస్తే ఫోటో మేకుకే వేలాడుతూ ఉంది. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ మోకాళ్ళ దగ్గర, ఈ చివర నుంచి ఆ చివరకి, స్కేలు పెట్టి కొట్టినట్టు ఒక గోధుమరంగు గీత. గీత పైన పెళ్ళి పెళ్ళిలాగే ఉంది. గీత కింద అంతా బురద రంగు.

పాత నలుపు తెలుపు ఫోటో అంటే కాగితం మీద పల్చటి జెలటిన్ పొర, అందులో వెండి రేణువులు. ఆ వెండే మనకి నలుపుగా కనిపిస్తుంది. తడిస్తే ఆ పొర ఉబ్బి మెత్తబడుతుంది. అద్దానికి ఆనుకుని ఉంటే ఆరేటప్పుడు అద్దానికే అంటుకుపోతుంది. మంచినీళ్ళలో నానబెడితే ఒక్కోసారి నెమ్మదిగా వదులుతుంది. ఇదంతా తాతయ్యకి ఎలా తెలుస్తుంది? ఆయన లాగాడు. పిల్లల వరసలో చాలా భాగం అద్దంతో పాటే ఊడి వెళ్ళిపోయింది. కాగితం మీద చిన్నమావయ్యకి మిగిలింది ఒక చెవి, నుదుటి మీదికి పడ్డ జుట్టు, ఒక కంటి మూల, చొక్కా చారలు. తాతయ్య దాన్ని మళ్ళీ గోడకెక్కించలేదు. గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టాడు.

ఆ పెట్టె చివరికి అమ్మతో పాటు హైదరాబాదులో మా ఫ్లాటుకి వచ్చింది. బాల్కనీలో చోటు చాలడం లేదని సర్దడానికి కూర్చున్నాను. సర్దడమంటే ఏమిటో నాకు గట్టి నమ్మకం ఉండేది. మొహాలు స్పష్టంగా ఉన్నవి ఉంచాలి, లేనివి తీసెయ్యాలి. కాగితాలు వేరే కుప్ప. అమ్మ లోపల పడుకుని ఉంది. పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటే ఒక్కో ఫోటోకి గంట కథ చెబుతుంది, పని తెమలదు అనుకున్నాను. మొత్తం తెలివితక్కువతనానికి మూలం ఈ ఒక్క ఆలోచనే.

నెగెటివ్‌లు ముందు పోయాయి. నాన్నకి ఆగ్ఫా క్లిక్-3 కెమెరా ఉండేది. 120 రోలు వేస్తే పన్నెండు ఫోటోలు వచ్చేవి. నలుచదరపు నెగెటివ్‌లని బటర్ పేపర్ కవర్లలో పెట్టి, కవరు మీద తేదీ రాసేవాడు. డబ్బులు చాలక అన్నీ ప్రింటు వేయించేవాడు కాదని నాకు తెలుసు. అంటే వాటిలో మేమెవరం ఎప్పుడూ చూడని ఫోటోలున్నాయి. తెలిసీ పారేశాను. 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం పట్టినప్పుడు వాటిలో కొన్నిటిని కళ్ళకి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూశాం మేం పిల్లలం. అది కంటికి ఎంత ప్రమాదమో అప్పుడు తెలియదు. నాన్న ఆ రోజు కోప్పడింది కళ్ళ గురించీ, నెగెటివ్‌ల మీద పడ్డ వేలిముద్రల గురించీ కూడా. ఆ కోపం గుర్తుండి కూడా నేను ఆ కవర్లు పారేయగలిగాను.

మంచి ఫోటోల్ని లామినేషన్ చేయించాను. వేడికి కరిగిన ప్లాస్టిక్కు ఫోటోని పట్టుకుంటే ఇక వదలదు. అమ్మ పూలజడ ఫోటో అలా పోయింది. అద్దం ముందు నిలబెట్టి, మొహం ఇటూ జడ అద్దంలోనూ కనపడేట్టు తీస్తారే, అది. ఫోటో కళ్ళకి బాగానే కనపడుతుంది. వెనక అమ్మమ్మ పెన్సిలుతో రాసిన రెండు లైన్లు మాత్రం ప్లాస్టిక్కు కింద మెరుపులో కలిసిపోయి అందడం లేదు. ఆ పూలజడ కుట్టినావిడ పేరు అందులో ఉందని అమ్మ అంటుంది. మిగిలిన ఫోటోల్ని జిగురు పేజీల ఆల్బంలో అతికించాను. వాటి వెనక ఏముందో చూడాలంటే ఇప్పుడు చింపాలి.

కాగితాల కుప్పలో ఒక తంతి కూడా ఉంది. స్తంభాలు కూలి, తీగెలు తెగి, రోజులు ఆలస్యంగా బెజవాడ చేరిన తంతి. తాతయ్య పంపిందే. సాయంత్రం అమ్మ లేచి వచ్చి, ఏమీ అనకుండా ఆ కుప్పలోంచి దాన్నొక్కటే తీసుకుని తన బీరువాలో పెట్టుకుంది. అప్పుడైనా నేను ఆగి ఉండాల్సింది.

పెళ్ళి ఫోటోని స్టూడియోకి తీసుకెళ్ళాను. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు మర్యాదగా, వివరంగా చెప్పాడు. గీత, మరక మొత్తం తీసేస్తానన్నాడు. "పిల్లల మొహాలు పోయాయి సార్, పక్కవాళ్ళవి తీసుకుని సెట్ చేస్తాను" అని కూడా అన్నాడు. అతను ఏదీ దాచలేదు. నేను సరేనన్నాను. ఎవరి మొహం తీసుకుని ఎవరికి పెడతాడో అడగలేదు. పాతది భద్రంగా వెనక్కి ఇచ్చాడు. అది పెచ్చులూడుతోంది, ముట్టుకుంటే చేతికి పొడి అంటుతోంది. కొత్తదానికి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టి, పాతది బుట్టలో వేసి, చేతులు కడుక్కున్నాను.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "శుభ్రంగా ఉంది" అంది. తర్వాత ఎడమ చివర వేలు పెట్టింది.

"వీడెవడ్రా?"

"చిన్నమావయ్య కదమ్మా."

"కాదు. మా బాబాయి కొడుకు. వాడే పక్కనా ఉన్నాడు చూడు. ఇద్దరూ ఒక్కడే. మా తమ్ముడి చెవులు ఇట్టా తలకి అంటుకుని ఉండవు."

చూశాను. నిజమే. పక్కపక్కన ఒకే మొహం, ఒకే నవ్వు, చొక్కాలు మాత్రం వేరు. అన్నాళ్ళు అంత దగ్గరగా పెట్టుకుని చూసిన నాకు అది కనపడలేదు.

"గీత ఏది?" అంది అమ్మ.

తీసేయించానని గర్వంగా చెప్పబోయి ఆగిపోయాను. అమ్మ అప్పుడు చెప్పింది. ఉప్పెన తర్వాత ఇంటి గోడలకి సున్నం కొట్టించారు. ఆ తర్వాత ఇల్లే పడగొట్టి స్థలం అమ్మేశారు. ఇంట్లోకి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూపించడానికి మిగిలింది ఆ ఫోటో ఒక్కటే. తాతయ్య బతికున్నన్నాళ్ళు ఏటా నవంబరులో ఒకసారి దాన్ని బయటికి తీసి, గీత మీద వేలు పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరికి తీసుకొచ్చేవాడట. ఏమీ మాట్లాడేవాడు కాదట. ఇది నాకు ఎందుకు తెలియదంటే నేనెప్పుడూ అడగలేదు కాబట్టి. కిందికి పరిగెత్తేసరికి చెత్త బండి వెళ్ళిపోయింది.

పాడైన ఫోటోలో పాడైన భాగాన్ని నేను లోపంగానే చూశాను. ఆ చెవి, ఆ జుట్టు, ఆ కంటి మూల మాత్రమే నిజంగా మావయ్యవి. కుర్రాడు కంప్యూటరులో పెట్టిన నిండు మొహంలో ఆయన ఇసుమంతైనా లేడు. బాగుచేయించుకోవడం తప్పని నేననను. స్కాన్ చేసి, ఆ కాపీ మీద ఎన్ని మార్పులు చేయించుకున్నా పర్వాలేదు. అసలు దాన్ని మాత్రం మరకతో సహా, చీకి ఉంటే చీకినట్టే, మంచి కాగితం కవర్లో దాచుకోవాలి. స్కాన్ చేసేటప్పుడు వెనక వైపు కూడా చేయాలి. పేర్లు రాయాలనిపిస్తే వెనక మెత్తటి పెన్సిలుతో, నొక్కకుండా రాయాలి. బాల్‌పెన్ను అచ్చు ఇవతలికి పడుతుంది. ఇవి ఎవరైనా పాటించగలిగినవే. నేను పాటించలేదు.

అదే ఫోటో ఇంకో కాపీ రేపల్లెలో మా మేనత్త దగ్గర ఉండాలని అమ్మ గుర్తు చేసింది. వెళ్ళాం. గోడకి అంటుకుని ఉన్న ఫ్రేములో వెనక నుంచి చెదలు పట్టి, కుర్చీల వరస దాకా తినేశాయి. అత్తయ్య పాపం ఎన్నోసార్లు నొచ్చుకుంది. ఆవిడ తప్పేముంది?

ఇప్పుడు ఆదివారాలు అమ్మా నేనూ పెట్టె ముందు కూర్చుంటున్నాం. ఫోన్లో రికార్డింగు పెట్టి పక్కన పెడతాను. అమ్మ మొహాలు చూసి గుర్తుపట్టడం తక్కువ. చంద్రహారం చూసి ఇది ఫలానా వారి కోడలంటుంది. చేతి గడియారం చూసి అది స్టూడియో వాళ్ళదిరా, ఫోటో కోసం అందరికీ పెట్టేవాళ్ళంటుంది. వెనక తెరమీద వేసిన మేడమెట్లు చూసి ఏ ఊళ్ళో తీశారో చెబుతుంది. స్పష్టంగా లేవని నేను తీసెయ్యబోయిన వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతుంది. నాన్న యస్.యస్.ఎల్.సి. పుస్తకంలో పుట్టుమచ్చలు రాసి ఉన్న పేజీ చదివించుకుని, రెండోది తప్పు రాశారు, అది ఎడమ మోచేతి మీద కదా అంది.

హాల్లో ఉన్న కొత్త ఫోటోని తీసేస్తానన్నాను. దాన్ని చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతోంది. అమ్మ ఒప్పుకోలేదు.

"మళ్ళీ పారేస్తావా? ఉండనీ. నేను పోయాక పిల్లలు వీడే మా తమ్ముడనుకుంటారు. వెనకాల రాయి."

ఫ్రేము విప్పి, పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను. అమ్మ చెబుతుంటే రాశాను. ఎడమ చివర చారల చొక్కా అబ్బాయి మొహం ఆ అబ్బాయిది కాదు. కుర్చీల్లో ఉన్నవాళ్ళ మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చాయి. పాత ఫోటోలో ఆ గుర్తు ఉండేది. తేదీ వేసి, తుడిపించింది ఎవరో నా పేరు కూడా రాశాను. అమ్మ ఒకసారి చదివించుకుని, తమ్ముడి పూర్తి పేరు నేను తప్పు రాశానని దిద్దించింది.