ఒకటిన్నర వోల్టుల మహాభారతం

తిక్కన సోమయాజి మా పెన్న ఒడ్డున కూర్చుని విరాటపర్వంతో మొదలుపెట్టి పదిహేను పర్వాలు తెనిగించి హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. నాకు అంత ఊపిరి లేదు, నా నాయకుడికి అంత ఎత్తూ లేదు. రెండున్నర అంగుళాల పొడగరి, గుప్పెట్లో ఇమిడే దేహం, ఒకటిన్నర వోల్టుల పరాక్రమం. టార్చిలైటులో వేసే పెద్ద సెల్లు. ఇంత చిన్న కావ్యానికి దేవుణ్ణి ఇబ్బంది పెట్టడం దేనికని కృతిభర్తగా మా నాయన్ను ఎంచుకున్నాను. ఆయన జీవితంలో ఎక్కువసార్లు పలికిన మాట ‘ఆపు’. ఈ కథంతా ఆ రెండక్షరాల మీదే నడుస్తుంది.

వంశం చెప్పనిదే కావ్యం కదలదు. 1866లో ఫ్రాన్సు దేశపు లెక్లాంషే అనే మహర్షి గాజు జాడీలో నవాసాగరం కలిపిన నీళ్లు పోసి, అందులో తుత్తునాగాన్నీ బొగ్గునూ ఎదురెదురుగా నిలిపి తపస్సు చేయగా మూలపురుషుడు ఉద్భవించాడు. మహా తేజస్వే గానీ ఒరిగితే ఒలికిపోతాడు, దండయాత్రకు పనికిరాడు. ఇరవై ఏళ్లకు జర్మనీ వైద్యుడు కార్ల్ గాస్నర్ ఆ నీళ్లను ముద్ద చేసి తుత్తునాగపు డబ్బాలోనే బిగించాడు. ఇక తలకిందులుగా పట్టుకున్నా చుక్క రాలదు. ఆ వంశంలో ఒక శాఖ జపాను చేరింది. అక్కడి మత్సుషిత వారి సాయంతో 1972లో ఏర్పడిన ఇండో నేషనల్ కంపెనీ నెల్లూరులోనూ, కింద తడలోనూ ఫ్యాక్టరీలు పెట్టి నిప్పో సెల్లులు తయారుచేసింది. ఎక్కడో ఏ మారుమూలో పశువులకొట్టంలో వెలిగిన లైటుకు పుట్టిల్లు మా జిల్లా అన్నమాట. మొలగొలుకుల గురించీ చేపల పులుసు గురించీ గంటలు గంటలు చెప్పే మావాళ్లు ఈ సంగతి దగ్గర ఎందుకో నోరు మెదపరు. నాకా మొహమాటం లేదు.

ఇక రూపం. శిరసున బొడిపె కిరీటం, ఒంటికి రంగుల కవచం, పాదాల కింద చదునైన తెల్లరేకు. గుండెల్లో నిలువునా నల్లని బొగ్గు వెన్నెముక, దాని చుట్టూ కాటుకను మించిన నల్లపొడి. ఈయన రథం మూడు సెల్లుల లైటు. నికెలు పూతతో తళతళలాడుతుంది, పట్టు జారకుండా ఒళ్లంతా గీతలు. అడుగున మర విప్పితే లోపలి స్ప్రింగు బుసకొట్టి పైకి లేస్తుంది. ఒకరి పాదం మరొకరి తలమీద పెట్టుకుని ముగ్గురు వీరులు ‘టక్, టక్, టక్’మని గర్భప్రవేశం చేస్తారు. మూత లోపల, దూది మడతలో, అదనపు బల్బు ఒకటి అజ్ఞాతంగా ఉంటుంది. మూతి తిప్పితే వెలుగు ముడుచుకుని బాణమవుతుంది, ఇంకో వైపు తిప్పితే విచ్చుకుని గొడుగవుతుంది. మీట మీద బొటనవేలు పడ్డదా, కొబ్బరిచెట్టు మొవ్వులో నిద్రపోయే కాకి సైతం లేచి ఎవరదని అడగాల్సిందే.

అట్లని ఇష్టమొచ్చినట్టు వెలిగిస్తే ఊరుకునే ఇల్లు కాదు మాది. లైటు కొట్టడంలో ఒక శాస్త్రం ఉండేది. ఒకసారి వెలిగించు, దారి చూసుకో, ఆపు. చూసిన దారిని మనసులో పెట్టుకుని చీకట్లో పది అడుగులు నడువు. మళ్లీ వెలిగించు. కాలువ చివరి ఆయకట్టులో నీళ్ల వంతు మాకు ఎప్పుడూ అర్ధరాత్రే వచ్చేది. భుజాన పార, చేతిలో లైటు, ముందు నాయన, వెనక నేను. గట్టు మీద మిణుగురులా వెలిగి ఆరిపోతూ వెళ్లేవాళ్లం. మడవ దగ్గర ఎవడైనా నీళ్లు దొంగలిస్తుంటే దూరం నుంచే వాడి మొహాన లైటు కొట్టేవాడు. అది బ్రహ్మాస్త్రం. దాని తర్వాత మాటలు అక్కర్లేదు. వాడు చెయ్యి అడ్డం పెట్టుకుని “నేనే అన్నా” అనేవాడు. నేనే అన్నా అని దొరికిపోయిన దొంగలు మా ఆయకట్టులో ఉన్నంతమంది ఇంకెక్కడా ఉండరు.

సముద్రం వైపు ఈ వీరుడి ఖ్యాతి వేరు. పట్టపుపాళెం పిల్లలు రాత్రిళ్లు ఇసుకలో పీతల మీదికి దండెత్తేవాళ్లు. వెలుగు మీద పడగానే పీత కొయ్యబారి నిలబడిపోతుంది. ఆ క్షణంలో పట్టాలి. ఆలస్యమైతే అది అడ్డదిడ్డంగా నాలుగు దిక్కులకూ ఒకేసారి పారిపోతున్నట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత 1990ల మొదట్లో వరిమళ్లు రొయ్యల గుంటలయ్యాయి. కాపలావాడు గట్టు మీద నిలబడి నీళ్ల మీదికి లైటు కొడితే వందల కళ్లు ఎర్రగా నిప్పుకణికల్లా మెరిసేవి. కళ్లు కనిపిస్తే రైతుకు నిద్ర. ఒక రాత్రి కళ్లు తక్కువగా కనిపించాయంటే మర్నాడు తెల్లారేసరికి గట్టు మీద కొలువుదీరేది అప్పులవాళ్లే. 1990ల నడిమిన తెల్లమచ్చ తెగులు వచ్చినప్పుడు ఆ దుర్వార్తను ముందుగా మోసుకొచ్చింది ఈ లైటే.

లైటు రథమైతే, ట్రాన్సిస్టరు రాజసభ. తోలు చొక్కా తొడుక్కున్న ఆ పెట్టె వెనక నలుగురు వీరులకు నాలుగు ఆసనాలు. కూడిక గుర్తు ఇటు, తీసివేత గుర్తు అటు. ఒక్కడు తిరగబడి కూర్చున్నా సభ మూగబోతుంది. స్ప్రింగు వదులైతే సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం మడిచి కూరేవాళ్లం, సేతుబంధనమంటే అదీ. ఉదయం ఏడింటికి ఢిల్లీ తెలుగు వార్తలు, సాయంత్రం పాడిపంటలు, గాలి అనుకూలిస్తే సింహళం నుంచి మీనాక్షీ పొన్నుదురై గారి గొంతు, తెలుగు సినిమా పాటలు. పాటకూ పాటకూ మధ్య ప్రకటనలు వచ్చినప్పుడు నాయన ఠక్కున కట్టేసేవాడు. ప్రకటన ఎంతసేపుంటుందో ఆయనకు ఒక లెక్క. మళ్లీ తిప్పేసరికి పల్లవి అయిపోయి ఉండేది. మా ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లకు చాలా పాటలు చరణాల నుంచే తెలుసు.

ఇది పిసినారితనమని అప్పట్లో అనుకునేవాణ్ణి. ఇప్పుడు అట్లా అనిపించదు. వెలుగునూ గొంతునూ బియ్యం కొలిచినట్టు కొలిచి వాడిన మనుషులు వాళ్లు. ఏది వినదగ్గది, ఏది చూడదగ్గది అని నిమిషం నిమిషానికీ తేల్చుకోక తప్పేది కాదు. ఒక్క విషయంలో మాత్రం ‘ఆపు’ అనే మాట ఆయన నోట రాదు. “కృష్ణపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక” అని రేడియో అన్నదంటే ఇక సెల్లుల లెక్క లేదు.

1989 నవంబరు రెండో వారంలో ఆ పరీక్ష వచ్చింది. అవతలి రాక్షసుడు అసాధ్యుడు. థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి, అక్కడి సన్నటి నేలను దాటుకుని, బంగాళాఖాతంలో దిగి మళ్లీ ఒళ్లు పెంచుకుని కావలి మీదికి వచ్చాడు. ప్రపంచం వాడికి ‘గే’ అని పేరు పెట్టింది. మావాళ్లు కావలి తుపాను అన్నారు. ఇవతల మన పక్షాన పాత సెల్లులు నాలుగు. కరెంటు ముందే పోయింది. మామూలుగా నీరసించిన సెల్లులకు వైద్యం ఎండ. పిట్టగోడ మీద వరసగా ఆరబెడితే సాయంత్రానికి కాస్త జీవం వచ్చేది. ఇంకా మొండికేస్తే పంటి కింద పెట్టి నొక్కి నడుము విరిచేవాళ్లం, అది శస్త్రచికిత్స. ఆ రోజు ఎండ ఎక్కడిది? అవ్వ వాటిని పొయ్యి గట్టు మీద పేర్చి, దోసెలు తిప్పినట్టు అటూ ఇటూ తిప్పి కాచింది. ఇరుగుపొరుగంతా మా వరండాలో. నాయన పెట్టెను ఒడిలో పెట్టుకుని చెవి ఆనించాడు. విజయవాడ గొంతు మొదట గదికంతా వినిపించింది, తర్వాత ముందు వరసకు, ఆ తర్వాత నాయనకు ఒక్కడికే. ఆయన విన్నది విన్నట్టు మాకు చెబుతూ పోయాడు. కాసేపటికి ఆయనా చెప్పడం మానేశాడు.

రేవు హెచ్చరికల లెక్క తెలిసినవాళ్లకు పదకొండో నంబరు తెలుసు. పదో నంబరు మహాప్రమాదం. దానికి పైన పదకొండు. హెచ్చరిక కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయి, ఇక మీరూ మీ దేవుడూ అని దాని అర్థం. ఆ రాత్రి మా ఇంట్లో ఎగిరింది పదకొండో నంబరు. పైకప్పు పెంకులు ఒక్కొక్కటే లేచిపోతున్న చప్పుడులో కూడా నాయన సెల్లులు ఊడదీసి, తువ్వాలుతో తుడిచి, మళ్లీ వేసి చూస్తూనే ఉన్నాడు.

వీరులకు స్వర్గారోహణ పర్వం ఉండాలి కదా. లైటుకు పనికిరానివాడు రేడియోలోకి వస్తాడు, అక్కడా గొంతు పోతే పిల్లల చేతికి. రాయితో కవచం చితక్కొట్టి వెన్నెముక లాగితే నల్లని కడ్డీ, గోడల మీద బొమ్మలు గీయడానికి దాన్ని మించింది లేదు. లోపలి పొడిని ఆకు పసరులో కలిపి బడిలో నల్లబల్లకు పూసేవాళ్లం. నిన్నటిదాకా కృష్ణపట్నం కబుర్లు చెప్పినవాడు ఎక్కాల కింద పరుచుకునేవాడు. చేతులు మాత్రం రెండు రోజులు నల్లగానే ఉండేవి, అవ్వ ఆ చేతులతో అన్నం ముట్టనిచ్చేది కాదు. ఆ పొడి ఒంటికి మంచిది కాదని ఆమెకు ఏ శాస్త్రవేత్తా చెప్పలేదు.

రాజ్యం పోయింది యుద్ధంలో కాదు. 2003లో నోకియా 1100 అనే ఒక బుల్లి ఫోను వచ్చింది. దాని నెత్తిన కందిగింజంత లైటు. మొదట్లో అందరం నవ్వాం. మూడు సెల్లుల మహారథి ముందు ఇదెంత అన్నాం. కానీ అది ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. లైటు వెతుక్కునే పనే లేకపోయాక లైటుతో పనేముంది? కొట్లలో సెల్లుల అట్టపెట్టె ముందు అరమీంచి వెనక అరమీదికి, అక్కణ్ణుంచి పైఅరలోకి పోయింది. తెప్పలు పోయి ఫైబరు పడవలు వచ్చాయి, పడవ మీద వేలాడే ట్రాన్సిస్టరు పోయి ఫోను వచ్చింది. నాయకుడికి అజ్ఞాతవాసం తప్పలేదు. వలలుడిగా భీముడు వంటింట చేరినట్టు ఈయన గ్యాస్ గీజరులో చేరి, స్నానాల నీళ్లు కాగేందుకు నిప్పురవ్వ రాల్చే కొలువు చేస్తున్నాడు. తమ్ముడి వరస పెన్సిలు సెల్లు టీవీ రిమోటులో. అది మొరాయించినప్పుడు జనం దాన్ని అరచేతిలో కొట్టడం, వెనక మూత తీసి సెల్లుల్ని బొటనవేలితో దొర్లించడం ఇంకా చేస్తున్నారు. ఎందుకట్లా దొర్లిస్తారని మా మేనల్లుణ్ణి అడిగితే, “అట్లా చేస్తే పనిచేస్తది మామా” అన్నాడు. ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాడు.

2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోగా మా తీరాన్ని ఒరుసుకుంటూ, కుండపోతగా కురుస్తూ పోయింది. కరెంటు పోయిన రెండో రోజుకు ఇంట్లో ఫోన్లన్నీ కన్నుమూశాయి. జమ్మిచెట్టు ఎక్కడుందో నాకు తెలుసు గనక ఉత్తరకుమారుణ్ణి, అంటే ఆ మేనల్లుణ్ణే, అటక ఎక్కించాను. పాత పంచెలో శవంలా చుట్టిన మూట దించాడు. విప్పితే నాయన మూడు సెల్లుల లైటు, నికెలు ఇంకా మెరుస్తోంది. మర రాలేదు. గుడ్డ చుట్టి ఇద్దరం పట్టి తిప్పితే కిర్రుమని వచ్చింది. లోపల్నుంచి తెల్లగా, పచ్చగా ఉప్పు రాలింది. ముగ్గురు వీరులూ ఉబ్బి, ఒకరినొకరు కరుచుకుని, రథంతో ఏకమైపోయారు. స్క్రూడ్రైవరుకు కూడా లొంగలేదు.

చినుకుల్లో కొట్టుకు పోయాను. గల్లా దగ్గర కుర్రాడు, బల్ల మీద చిన్న జనరేటరు తీగకు అతుక్కుని ఊరి ఫోన్లు పాతిక దాకా.

“పెద్ద సెల్లులు ఉండాయా అబ్బయా?”

“పెద్దవా? ఎవరు కొంటాండారు సామీ ఇప్పుడు. రిమోటువి ఉండాయి, కావాల్నా? పోనీ నీ ఫోను పెట్టిపో, గంటకి ఇరవై రూపాయలు.”

సరేనని చచ్చిన ఫోను చేతికిచ్చాను. డబ్బులు ముందే కట్టాలన్నాడు. జేబులు తడుముకున్నాను, నోట్లు లేవు.

“దానికేముంది సామీ,” అన్నాడు గోడమీద స్కానరు చూపిస్తూ, “ఫోన్‌పే కొట్టు.”