పర్యావరణం పేపరుకు గైడు, కొల్లేరుకు బస్సు

ఏం నాయనా, డిగ్రీలో పర్యావరణం అని మీకో పేపరుందటగా! మా మనవడు పరీక్ష ముందు రాత్రి కూర్చుని బిట్లు బట్టీ పట్టాడు. మర్నాడు రాసొచ్చి గైడు అటకెక్కించేశాడు. ఏం నేర్చుకున్నావురా అంటే "పాసైతే చాలు తాతయ్యా, క్లాసుకి ఆ మార్కులు కలపరు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా రోజుల్లో ఆ పేపరే లేదు. మా బోటనీ మాస్టారు ఏలూరు నుంచి కొల్లేరు తీసుకెళ్లి, పంచె ఎగ్గట్టి, మాకంటే ముందు తనే నీళ్లలోకి దిగేవారు. గుర్రపుడెక్కను వేళ్లతో సహా పీకి, ఉబ్బిన కాడను బ్లేడుతో నిలువునా చీల్చి లోపలి గాలి గదులు చూపించేవారు. ఇందుకే ఇది తేలుతుంది, ఇది నీటిని కప్పేస్తే కింద చేపకు ఊపిరాడదు అనేవారు. తెచ్చిన మొక్కల్ని పాత పేపర్ల మధ్య నొక్కి, తడి పేపర్లు రోజూ మార్చేవాళ్లం. హాస్టల్లో విస్తరాకు భోజనం, సీనియర్ పుస్తకం జూనియర్‌కి. ఇవేవీ సిలబస్‌లో ఉండేవి కావు.

అంతా సవ్యంగా ఉండేదని అననులే. ల్యాబులో మిగిలిన యాసిడ్లు తిన్నగా సింకులోకే పోయేవి. ఎండ్రిన్, డీడీటీ లాంటి పురుగుమందులు రైతు పాలిట వరాలని పాఠాలు చెప్పిన రోజులూ అవే. అయినా మాకు నేలా నీరూ చేతికి తగిలేవి.

న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే పర్యావరణ చదువు అందరికీ తప్పనిసరి చేయమంది. 2003లో మళ్లీ గట్టిగా చెప్పాల్సొచ్చింది. యూజీసీ అన్ని డిగ్రీలకూ ఆరు నెలల కోర్సు తయారుచేసి, అందులో 25 మార్కులు స్వయంగా వెళ్లి చూసి రాయడానికే కేటాయించింది. ఏటికో, పొలానికో, చెత్త దిబ్బకో వెళ్లమని. చక్కటి ఆలోచన. మా వాడి కాలేజీలో ఏమైంది? నెట్‌లో దొరికిన ఫోటోలంటించిన రికార్డు తీసుకుని మార్కులేశారు. గడప దాటిన వాడు లేడు!

అసలు తప్పు పర్యావరణాన్ని విడి పేపరు చేయడంలోనే ఉంది. పోపు పప్పులో పడాలిగానీ వేరే గిన్నెలో వడ్డిస్తే ఎవరు తింటారు? కొల్లేరునే తీసుకోండి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోవాలి, అది సివిల్ వాళ్ల పాఠం. చేపల చెరువు ఎకరానికి ఎంత మిగిల్చింది, పాడైన సరస్సు నష్టం ఎవరి ఖాతాలో రాయాలి, అది కామర్స్ వాళ్ల లెక్క. 1999లో ఐదో కాంటూరు అనే ఎత్తు గీత దాకా అభయారణ్యమన్నారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్సర్ జాబితాకెక్కింది, 2006లో అందులోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. చట్టం ఏమంది, అక్కడి బెస్తవాళ్ల బతుకు ఏమైంది అన్నది లా వాళ్లూ ఎకనామిక్స్ వాళ్లూ కలిసి తేల్చాల్సిన సంగతి. ఒక్క సరస్సు మీద కాలేజీ మొత్తానికి పాఠాలున్నాయి. ఎవరి సబ్జెక్టులో వాళ్లు చెబితే పిల్లాడు రేపు ఇంజనీరైనా ఆడిటరైనా మర్చిపోడు.

ప్రిన్సిపాల్ గార్లూ, కైకలూరు పక్కనే ఆటపాక పక్షుల కేంద్రం. చలికాలంలో గూడబాతులు వచ్చి ఉంటాయి. బస్సు పెట్టండి. కామర్స్ పిల్లల్నీ ఎక్కించండి, తెల్ల బూట్లు ఇంట్లో వదిలి రమ్మనండి.