ఏటేటా చచ్చే ఆట

వీడియో గేముల లోకంలో ఒక మేధావి వర్గం ఉంది. టర్న్ బేస్డ్ ఆర్పీజీ, అంటే వంతులవారీగా పోరు సాగే రోల్ ప్లేయింగ్ గేమ్, చచ్చిపోయిందని ప్రకటించడమే వాళ్ల వృత్తి. వాళ్లు ఏటా ప్రకటిస్తారు, శవం ఏటా లేచి కూర్చుంటుంది. అయినా పాడె మాత్రం విప్పరు.

వాదన వినసొంపుగానే ఉంటుంది. మనం ఓ దెబ్బ కొట్టి, ఎదుటివాడు కొట్టేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. ఇదేం యుద్ధం? 1986లో డ్రాగన్ క్వెస్ట్, 1987లో ఫైనల్ ఫాంటసీ అలా వచ్చాయంటే అప్పటి యంత్రాలకు సత్తువ లేకనట. ఇప్పుడు యంత్రాలు బలిశాయి కనక వంతులతో పని లేదట. ఈ లెక్కన చదరంగం కూడా గుర్రాన్నీ ఏనుగునూ ఒకేసారి పరిగెత్తించే యంత్రం లేక సర్దుకుపోయిన ఆటే! కోనేరు హంపికి ఈ సంగతి ఎవరైనా కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.

పైగా కుర్రకారుకు ఓపిక లేదట. ఆదేశాలు ఎంచుకుంటూ పోరాడటంలో రుచి ఈ తరానికి తెలియడం లేదన్న మాటను ఫైనల్ ఫాంటసీ 16 నిర్మాత నవోకి యోషిడా కూడా ప్రస్తావించి, తన ఆటను పూర్తి యాక్షన్‌గా మలిచాడు. అది 2023 జూన్ 22న వచ్చింది. ఆయన ఆట, ఆయనిష్టం. మన మేధావులు మాత్రం దాన్ని సుప్రీంకోర్టు తీర్పులా చాటింపు వేశారు. సరిగ్గా ఆరు వారాలకు, ఆగస్టు 3న, బెల్జియం కంపెనీ లారియన్ నుంచి బాల్డర్స్ గేట్ 3 దిగింది. నిఖార్సైన టర్న్ బేస్డ్. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్ అదే. ఇంకో తమాషా ఏమిటంటే, 1998 నాటి మొదటి బాల్డర్స్ గేట్‌లో పోరు ఆగకుండా సాగేది, కావాలంటే మనమే ఆపుకోవాలి. అది పాతికేళ్ల తర్వాత వంతుల్లోకి వచ్చి జగత్తును గెలిచింది.

ఆ వంతులో ఏముందో కాస్త దగ్గరికెళ్లి చూద్దాం. గోబ్లిన్ ఒకడు కొండచరియ అంచున నిలబడ్డాడు. బాణం వేయాలా, దగ్గరికెళ్లి ఒక్క తోపు తోయాలా? బాణం తగిలే అవకాశం 95 శాతమని తెర చెబుతోంది. అంటే ఇరవై ముఖాల పాచిక మీద ఒకటి పడితే తప్ప గురి తప్పదు. వేస్తారు. ఒకటే పడుతుంది. ఇక ఆ గోబ్లిన్ వంతు. ఓపిక లేదన్న కుర్రాడు ఇక్కడ ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు, తెల్లారిన సంగతి కూడా గమనించడు.

అయినా మేధావులు తగ్గలేదు. జనం ఎగబడింది కథకట, సినిమాలాంటి దృశ్యాలకట, వంతులకు మాత్రం కాదట. 2025 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని మోంపెలియే నుంచి శాండ్‌ఫాల్ వాళ్ల క్లేర్ ఓబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 వచ్చింది. అదీ ఆ ఏటి ఉత్తమ గేమ్ అయి కూర్చుంది. ఈసారి సాకు ఇంకోటి: శత్రువు దెబ్బను అదను చూసి బటన్ నొక్కి కాచుకోవచ్చు కనక అది అసలు టర్న్ బేస్డే కాదట. అంటే ఓడితే జాతి లక్షణం, గెలిస్తే మినహాయింపు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

విచిత్రమేమిటంటే, మడికట్టుకున్న టర్న్ బేస్డ్ భక్తులూ ఇదే పాట పాడుతున్నారు. శత్రువు వంతులో బటన్ తాకితే మైల అట! ఆ మైల 1996లోనే సూపర్ మారియో ఆర్పీజీకి అంటిందని వీళ్లకెవరు చెప్పాలి?

అసలు బాధ వేరే. హడావుడి ఆటలో ఓడితే వేళ్లు జారాయనో, కంట్రోలర్ మొరాయించిందనో చెప్పుకోవచ్చు. టర్న్ బేస్డ్‌లో పాచిక మొండికేసినా, దాన్నే నమ్ముకున్న ఎత్తు మనదే. ఆలోచించుకోమని కావలసినంత సమయం ఇచ్చి మరీ ఓడిస్తుంది. ఆడలేక మద్దెల ఓడు అందామంటే మద్దెల కూడా చేతికి దొరకదు. అందుకే ఏకంగా ఆటనే చంపేయాల్సి వస్తోంది.