తెరపట్టు బావగారు

లోకములో సంభవించిన ప్రతి విషయమునకును ఒక నకలుండవలెననియు, నకలు లేని విషయము సంభవింపనట్లే యనియు దృఢముగా విశ్వసించు తెగవారు కొందఱు కలరు. వెనుకటి దినములలో వీరు పోస్టుకార్డునకు సైతము అడుగున కార్బను కాగితము వేసి వ్రాసెడివారు. జిరాక్సు యంత్రము వచ్చినంతనే దాని చుట్టును ప్రదక్షిణములు చేసిరి. నేడు అరచేతిలోని ఫోను తెరమీద ఆడిన ప్రతి బొమ్మను, అది ఆడుచుండగనే పట్టి దాచుకొనుచున్నారు. ఈ మూడు యుగములను చూచి మూడింటను అగ్రగణ్యులై వెలసినవారు మా బావగారు. ఖజానా కచేరీలో గుమాస్తాగిరి వెలగబెట్టి పింఛను పుచ్చుకొనుచున్న యీయన నోట తఱచుగా వెడలు మాట యొక్కటే: “రుజువేదీ?”

ఈ తెరపట్టు విద్య తొలినాళ్ళలో సామాన్యులకు దక్కినది కాదు. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4లో ఫోనును తీగతో కంప్యూటరునకు తగిలించి ఒక ఆజ్ఞావాక్యమును టైపు చేసినగాని తెర చిక్కెడిది కాదు. చిక్కినను మూడు నిమిషములకు మించి నిలిచెడిది కాదు. 2014లో ఆండ్రాయిడ్ 5 వచ్చి, యజమాని సరేయన్నచో వేఱొక యాప్ తెరను పట్టుకొనవచ్చునని తలుపు తెఱచెను. 2017లో ఐఫోనునకును, 2020లో ఆండ్రాయిడ్ 11తో ఆ వంశమునకును ఈ మీట పుట్టుకతోనే అబ్బినది. బావగారి పదవీ విరమణము కూడ ఆ 2020లోనే జరుగుటను మా అక్కయ్య దైవికమనదు, గ్రహచారమనును.

ఆయన తెరపట్టుటను చూడవలెనేగాని చెప్ప నలవికాదు. నాటకమునకు తెరను పైకి లాగుదురు. ఈ నాటకమునకు పైనుండి క్రిందికి లాగవలెను. అట్లు లాగి, వరుసలోని మీటలను ఒక్కొక్కటిగా పరామర్శించి, కావలసిన దానిని నొక్కి, మూడు, రెండు, ఒకటి యని ఫోను లెక్కించునంతలో గొంతు సవరించుకొని, తన ముఖము దానిలో పడదని యెఱిగియు ఉత్తరీయము సర్దుకొని, “ఈ దినమున కరెంటు బిల్లు చెల్లించబడుచున్నది” అని కచేరీ ధోరణిలో ప్రకటింతురు. మైకు తెఱచియుండును గావున ఇంటిల్లిపాదియు నోరు మూసికొనవలెను. కుక్కరునకు మాత్రము ఈ శాసనము వర్తింపదు. ఆ దృశ్యకములను నేను కొన్ని చూచితిని. బిల్లు చెల్లినట్లు రుజువు ఒక్కనాడును ఎవ్వరును అడుగలేదు గాని, “ఏమండీ, పాలు పొంగుతున్నాయి, కాస్త చూడరూ!” అను అక్కయ్య కేకయు, పక్కింటి కుక్క మొఱుగులును, పూలమ్మి వచ్చు వేళయు వానిలో సాంగోపాంగముగా నమోదైయున్నవి.

ఒకమాఱు మేము కుటుంబసహితముగా విశాఖపట్టణము పోవలసివచ్చినది. తత్కాల్ టిక్కెట్లు ముందునాటి ఉదయము ఏసీ తరగతులకు 10 గంటలకును, స్లీపరునకు 11 గంటలకును విడుదలయగునని పసివారికిని తెలియును; 10 గంటలు కొట్టిన రెండు నిమిషములలో అవి యేమగునో దేవునికైనను తెలియదు. ఆ బాధ్యతను బావగారు తామే వహించిరి. 9 గంటల 59 నిమిషములకు, ప్రయాణికుల పేర్లన్నియు ముందే నింపుకొని సిద్ధముగా నున్న మనిషి, తెరపట్టవలెనని తోచి మీట నొక్కిరి. గదిలోని ధ్వనిని పట్టవలెనా, ఫోనులోని ధ్వనిని పట్టవలెనా, రెండింటిని పట్టవలెనా యని ఫోను ప్రశ్నించెను. ఎవరేమడిగినను ఆలోచింపక జవాబు చెప్పు మనిషి కారాయన. ఆలోచించి, రెండును అని నిర్ణయించి, తిరిగి టిక్కెట్ల యొద్దకు వచ్చుసరికి మేమందఱమును నిరీక్షణ జాబితాలో నుంటిమి.

“బావగారూ, టిక్కెట్లు దొరికాయా?” అని ఫోనులో నడిగితిని.

“దొరకలేదయ్యా. కానీ నా తప్పేమీ లేదనడానికి పూర్తి రుజువుంది. పంపనా?”

టిక్కెట్టు దొరకలేదు గాని, దొరకకపోవుట ఆద్యంతము దొరకినది. బస్సులో పోతిమి.

ఆయనకు కొఱకరాని కొయ్యయైనది బ్యాంకు యాప్. పింఛను జమయైన సంగతిని తెరపట్టి, తిరిగి చూచుకొనగా అమావాస్య రాత్రివలె నల్లని చీకటి తప్ప మఱేమియు కానరాలేదు. ఇట్టి యాప్‌లను నిర్మించువారు తమ పుటలను పట్టరాదని ఫోనునకు ముందే చెప్పియుంచుదురనియు, ఫోను ఆ మాటను జవదాటదనియు, ఇదంతయు ఖాతాదారు రక్షణకేననియు నేనెంత బోధించినను ఆయన తల యూపలేదు. “దాచుకోవలసిందేమీ లేకపోతే చీకటెందుకయ్యా?” అనిరి. నాటినుండి పింఛను జమయైనపుడెల్ల అక్కయ్య ఫోనుతో తన ఫోనును ఫోటో తీయుదురు. ఆ ఫోటోలలో మొత్తము స్పష్టముగా కనబడదు. అద్దములో బావగారి ముక్కు కనబడును.

డాలసులోనున్న మనుమరాలితో మాటలాడినపుడు పట్టిన దృశ్యకములకు మాటలు లేవు. పిలుపు సాగునంతసేపు మైకును ఆ పిలుపే పుచ్చుకొనును. తెరపట్టువానికి మిగులునది బొమ్మయే. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు తెర మాటలు నేర్చినది, బావగారి తెరమీద ఆ పిల్ల పెదవులు కదలించుచునే యున్నది.

చుట్టపక్కములు మాత్రమాయనకు జడియుదురు. ఇరువదినాలుగు గంటలలో మాయమగునని నమ్మి వాట్సాప్ స్టేటసులు పెట్టుకొన్న అమాయకులెందఱో ఆయన ఫోనులో శాశ్వతులై యున్నారు. జ్వరమని పెండ్లికి రాని పినతండ్రిగారు ఆనాడే హోటలులో నెయ్యి దోసె తినుచున్న వైనము అందొకటి. నన్నును ఆయన విడువలేదు. ఆధార్ కార్డును దించుకొను విధమును బంధువులకు నేర్పుటకై ఆయన తెరపట్టుచుండగా, నేను అక్కయ్యకు పంపబోయి పొరపాటున ఆయనకే పంపిన సందేశము, “బావగారి పిచ్చి కాస్త తగ్గిందా?” అనునది, తెర పైభాగమున ఠీవిగా దిగి మూడు క్షణములు నిలిచి వెడలిపోయినది. దానిని ఆయన ప్రతి సంక్రాంతికిని ప్రదర్శింతురు. నేను ప్రతి సంక్రాంతికిని క్షమాపణ చెప్పుకొందును.

ఇక ఒక ప్రవచనము సంగతి. గడచిన కార్తికములో ఒక సాయంకాలము పడక కుర్చీలో వ్రాలి, ఫోనులో భాగవత ప్రవచనమును పెట్టుకొని, గదిలోని ధ్వనియు ఫోనులోని ధ్వనియు రెండును పడునట్లు అలవాటు చొప్పున తెరపట్టిరి. మఱునాడు అక్కయ్య దానిని విని, మొదట నిర్ఘాంతపోయి, పిదప పట్టరాని యానందముతో నాకు ఫోను చేసెను. గజేంద్రుడు మడుగులో దిగు సమయమున ఏడవ నిమిషమునకు ఆరంభమైన యొక నాదము, మొసలి పట్టినపుడు పుంజుకొని, శ్రీహరి వచ్చినను తగ్గక, నలువదియొకటవ నిమిషము వఱకు అవిచ్ఛిన్నముగా సాగినదట. పెండ్లియైన నాటినుండి ఆమె “మీరు గురక పెట్టుదురు” అనుటయు, ఆయన “రుజువేదీ?” అనుటయు ఆ యింట నిత్యకృత్యము.

ఆ ఫైలును బావగారు తత్క్షణమే తొలగించిరి. తొలగించిన వీడియోలు ఆ ఫోను చెత్తబుట్టలో 30 దినములు చెక్కుచెదరక యుండునని అక్కయ్యకు నేర్పినవారు ఆయనయే.